ఈతకొలనులో నీటినే కాదు, గాలిని కూడా చూడాలి

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లల కోరికల్లో ఈత ముందు వరుసలో నిలుస్తుంది. ఒకప్పుడు మన ఊళ్లలో పిల్లలు దిగుడుబావుల్లో, చెరువుల్లో, కాలువల్లో ఈత నేర్చుకునేవారు. నడుముకు బెండు కట్టి, తండ్రో మేనమామో గట్టున నిలబడి నేర్పేవాడు. ఇప్పుడు పట్టణాల్లో ఆ బావులూ లేవు, ఆ తీరికా లేదు. వాటి స్థానంలో పురపాలక సంఘాల ఈతకొలనులు, అపార్టుమెంట్ల కొలనులు, క్లబ్బులు, వేసవి శిక్షణ శిబిరాలు వచ్చాయి. లోతు ఎంతో రాసి ఉంటుంది, శిక్షకుడు ఉంటాడు, గట్టున రక్షకుడు కాపలా కాస్తాడు. మునిగిపోతారన్న భయం తగ్గడంతో తల్లిదండ్రులు నిశ్చింతగా కూర్చుంటారు.

అయితే కొలను నుంచి ఇంటికి వచ్చిన పిల్లవాడు రాత్రంతా పొడిదగ్గుతో బాధపడితే మనం ఏమనుకుంటాం? చల్లటి నీటిలో నానడం వల్ల జలుబు చేసిందనుకుంటాం. కళ్లు ఎర్రబడితే క్లోరిన్ ఎక్కువ వేశారంటాం, మరునాడు మళ్లీ పంపిస్తాం. కొలను దగ్గరికి వెళ్లగానే ఘాటైన వాసన ముక్కుకు తగిలితే, ‘బాగా శుభ్రం చేస్తున్నట్టున్నారు’ అని సంతోషిస్తాం కూడా. ఈ చివరి మాటలో ఉన్న పొరపాటు చిన్నది కాదు. ఊపిరితిత్తులు సున్నితంగా ఉన్న పిల్లలకు అది ఆసుపత్రి మెట్ల వరకు దారి తీయగలదు. అందుకే ఈ మాసం ఈ విషయాన్ని కాస్త వివరంగా పరిశీలిద్దాం.

క్లోరిన్ మేలు, క్లోరిన్ కీడు

ముందుగా క్లోరిన్‌కు న్యాయం చేద్దాం. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త షీలే 1774లో ఈ వాయువును తొలిసారి వేరు చేశాడు. 1908లో అమెరికాలోని జెర్సీ నగరంలో తాగునీటిలో నిరంతరాయంగా క్లోరిన్ కలపడం మొదలైంది. ఆ పద్ధతి వ్యాపించిన చోటల్లా కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధులు వెనక్కి తగ్గాయి. అదే క్లోరిన్‌ను 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర యుద్ధక్షేత్రంలో మనుషుల ప్రాణాలు తీయడానికి వదిలారు. పదార్థం ఒక్కటే. ఎంత మోతాదులో, ఏ రూపంలో, ఏ చోట వాడుతున్నామన్నదే తేడా.

పదుల మంది దిగే కొలనులో క్రిమిసంహారకం లేకపోతే విరేచనాలు, చర్మవ్యాధులు, చెవి, కంటి అంటువ్యాధులు తప్పవు. కాబట్టి క్లోరిన్ లేని కొలను సురక్షితమన్న ఆలోచన సరికాదు. క్లోరిన్ మాత్రలు, ద్రవరూపంలోని హైపోక్లోరైట్, బ్లీచింగ్ పౌడర్ — వీటిలో దేనిని వాడినా నీటిలో హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. క్రిములను చంపేది ప్రధానంగా అదే. ఇలా పనికి సిద్ధంగా ఉన్న క్లోరిన్‌ను ‘స్వేచ్ఛా క్లోరిన్’ అంటారు.

మరి చిక్కు ఎక్కడ వస్తోంది? మనుషులు నీటిలో దిగినప్పుడు తమతో పాటు చెమటను, చర్మపు మురికిని, తలనూనెను, పౌడర్లను, క్రీములను తీసుకువెళతారు. చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయమైనా చెప్పక తప్పదు, చాలామంది నీటిలోనే మూత్రం కూడా పోస్తారు. చెమటలో, మూత్రంలో యూరియా, అమోనియా వంటి నత్రజని పదార్థాలు ఉంటాయి. క్లోరిన్ వాటితో కలిసినప్పుడు ‘క్లోరమైన్లు’ అనే కొత్త పదార్థాలు పుడతాయి. వీటినే ‘సంయుక్త క్లోరిన్’ అంటారు. వాటిలో ట్రైక్లోరమైన్ అనేది నీటిలో నిలవదు, తేలికగా ఆవిరై గాలిలోకి వస్తుంది. కొలను దగ్గర ముక్కును కుట్టే ఆ ఘాటు, కళ్లలో మంట, గొంతులో గరగర చాలావరకు దాని పనే.

అంటే, ఆ వాసన శుభ్రతకు గుర్తు కాదు. నీటిలో చేరిన మురికిని క్లోరిన్ తట్టుకోలేకపోతోందన్న హెచ్చరిక అది. చక్కగా నిర్వహించే కొలనుకు ఘాటైన వాసన ఉండదు.

పిల్లలకే ఎందుకు ఎక్కువ?

ట్రైక్లోరమైన్ గాలికన్నా బరువైనది. పైకి లేచి చెదిరిపోకుండా నీటి ఉపరితలానికి దగ్గరగా పొరలా పరచుకుంటుంది. ఈత కొట్టేవారి ముక్కూ నోరూ ఉండేది సరిగ్గా అక్కడే. ఈదేటప్పుడు మనిషి విశ్రాంతిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని, అదీ నోటితో లోతుగా పీలుస్తాడు. ముక్కు చేసే వడపోత నోటికి చేతకాదు. పిల్లల శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి. తమ బరువుతో పోల్చితే వారు పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. అందువల్ల పెద్దలకు కాస్త గొంతు గరగరగా అనిపించే గాలిలోనే పిల్లవాడికి పిల్లికూతలు మొదలుకావచ్చు.

పైకప్పు లేని కొలనులో గాలి వీచి ఈ వాయువును చెదరగొడుతుంది. నాలుగు గోడల మధ్య, కిటికీలు మూసిన హాలులో అది పేరుకుంటుంది. వెచ్చటి నీరు, ఎక్కువ మంది జనం, నీటిని ఎగజిమ్మే ఆటలు, జారుడుబల్లలు — ఇవన్నీ నీటిలోని ట్రైక్లోరమైన్‌ను మరింత వేగంగా గాలిలోకి తెస్తాయి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఇది ఊహ కాదు. 2006 డిసెంబరులో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, ఒక మోటల్ లోపలి కొలనులో ఈదిన 6 ఏళ్ల బాలుడు గొంతు, శ్వాసనాళాల రసాయనిక వాపుతో ఇంటెన్సివ్ కేర్‌లో చేరాడు. ఆరోగ్యశాఖ విచారించగా, ఆ కొలను వల్ల మొత్తం 24 మంది కళ్ల మంటతోనో దగ్గుతోనో అస్వస్థులైనట్టు తేలింది. నీటిలో పేరుకుపోయిన క్లోరమైన్లు, సరిగా లేని నిర్వహణ అందుకు కారణాలని అధికారులు నిర్ణయించారు.

ఒక్కరోజు ఈదిన వారి మాట అటుంచి, రోజంతా ఆ గాలిలోనే గడిపే రక్షకులు, శిక్షకుల సంగతి చూడండి. వారిలో కొందరికి ట్రైక్లోరమైన్ కారణంగా వృత్తిపరమైన ఆస్తమా వచ్చినట్టు 2002లో బ్రిటన్ వైద్యులు నిరూపించారు. 2003లో బెల్జియం పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ బెర్నార్డ్, ఆయన సహచరులు బడిపిల్లలను పరీక్షించి, లోపలి కొలనులకు తరచుగా వెళ్లడానికీ ఆస్తమాకూ సంబంధం ఉండవచ్చని ప్రకటించారు. ఆ ప్రకటన ఐరోపాలో పెద్ద చర్చకు దారి తీసింది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. బ్రిటన్‌లో వేలాది పిల్లలను పుట్టినప్పటి నుంచి అనుసరించిన ఒక అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఈతకు వెళ్లడం వల్ల ఆస్తమా పెరిగినట్టు అందులో కనిపించలేదు సరికదా, ఈదే పిల్లల ఊపిరితిత్తుల సామర్థ్యం కొంత మెరుగ్గా ఉంది. 2013లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, ఆస్తమా ఉన్న పిల్లలు కూడా ఈత శిక్షణను బాగానే తట్టుకుంటారనీ, దానివల్ల వారి శారీరక దారుఢ్యం పెరుగుతుందనీ తేల్చింది.

ఈ రెంటినీ కలిపి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈత శత్రువు కాదు. క్లోరిన్ కూడా శత్రువు కాదు. సరిగా నిర్వహించని నీరు, బయటికి పోయే దారి లేని గాలి — ఇవే శత్రువులు. కాబట్టి పిల్లలను ఈత మాన్పించమని మేము చెప్పడం లేదు. ఏ కొలనులో దించుతున్నామో చూసుకోమని మాత్రమే చెబుతున్నాము.

నిర్వాహకులు చేసే పొరపాట్లు

వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని తలచి మోతాదు తగ్గించే నిర్వాహకులున్నారు. అప్పుడు క్రిములూ పెరుగుతాయి, క్లోరమైన్లూ మిగిలిపోతాయి. మరికొందరు జనం రద్దీగా వచ్చే రోజున లెక్కాజమా లేకుండా చేటలతో పౌడరు చల్లుతారు. అది పూర్తిగా కరిగి, కలిసి, స్థిరపడకముందే పిల్లలను దించుతారు. రెండూ తప్పే. నిజమైన మార్గం కొలత. కొంత నీటిని తీసివేసి కొత్త నీరు నింపడం, వడపోత యంత్రాన్ని శుభ్రంగా ఉంచడం, కొలను మూసి ఉన్న వేళ లెక్క ప్రకారం అధిక మోతాదు వేసి క్లోరమైన్లను విరగ్గొట్టడం, తిరిగి కొలిచి సాధారణ స్థాయికి వచ్చాకే జనాన్ని అనుమతించడం — ఇదీ పద్ధతి.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచన ప్రకారం కొలను నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము ఉండాలి. నీటి ఆమ్ల, క్షార స్థితిని తెలిపే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. సంయుక్త క్లోరిన్ ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదనీ, 0.2 మిల్లీగ్రాముల లోపు ఉండటం ఉత్తమమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లోపలి కొలనుల గాలిలో ట్రైక్లోరమైన్ ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటరాదన్న తాత్కాలిక పరిమితిని కూడా అది సూచించింది. పీహెచ్ 8కి చేరితే వేసిన క్లోరిన్‌లో దాదాపు నాలుగో వంతు మాత్రమే చురుకైన రూపంలో ఉంటుంది. అప్పుడు ఎంత పౌడరు పోసినా ఫలితం తక్కువ, ఖర్చు ఎక్కువ.

కొలత పరికరంలో కూడా ఒక కిటుకుంది. నీటిని పసుపు రంగులోకి మార్చే పాత పద్ధతి మొత్తం క్లోరిన్‌ను మాత్రమే చూపుతుంది. అందులో మేలు చేసేది ఎంతో, కీడు చేసేది ఎంతో చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ పరీక్షతో స్వేచ్ఛా క్లోరిన్‌నూ మొత్తం క్లోరిన్‌నూ విడివిడిగా కొలవవచ్చు. రెండో అంకెలోంచి మొదటిది తీసివేస్తే మిగిలేదే సంయుక్త క్లోరిన్. అపార్టుమెంటు సంఘాల్లో బాధ్యులుగా ఉన్న మన సోదరులు ఈ ఒక్క మార్పు చేయించినా ఎంతో మేలు చేసినవారవుతారు.

స్త్రీల వేళల్లో ప్రత్యేక జాగ్రత్త

మన కుటుంబాలకు ప్రత్యేకంగా సంబంధించిన మాట ఒకటుంది. మన ఆడపిల్లలు, గృహిణులు స్త్రీలకు కేటాయించిన వేళల్లో, బయటివారి చూపు పడని చోటే ఈత నేర్చుకోవాలనుకుంటారు. అది వారి హక్కు, మన మర్యాద. అయితే ఆ పరదా కోసం నిర్వాహకులు సాధారణంగా చేసేదేమిటంటే, ఉన్న కిటికీలన్నీ మూసేసి, తెరలు దించేసి, తలుపులు బిగించేస్తారు. పురుషుల వేళలో గాలి ఆడే హాలు స్త్రీల వేళలో గాలాడని గది అవుతుంది. మగపిల్లలకు రాని దగ్గు ఆడపిల్లలకు వస్తే ఆశ్చర్యపడవలసింది లేదు.

పరదాకూ గాలికీ వైరం లేదు. తలకన్నా ఎత్తున జాలీలు పెట్టించవచ్చు. లోపలి గాలిని బయటికి తోసే ఫ్యాన్లను, వీలైనంతవరకు నీటి మట్టానికి దగ్గరగా, అమర్చవచ్చు. ఎదురు గోడ నుంచి కొత్త గాలి వచ్చే దారి ఉంచవచ్చు. ఏసీ ఉంది కదా అని సరిపెట్టుకోరాదు. ఉన్న గాలినే తిప్పితిప్పి చల్లబరిచే యంత్రం ట్రైక్లోరమైన్‌ను బయటికి పంపదు. స్త్రీల వేళలకు రుసుము చెల్లించేటప్పుడు ‘గాలి బయటికి పోయే ఏర్పాటు ఏమిటి?’ అని అడగడానికి మన అక్కచెల్లెళ్లు మొహమాటపడకూడదు.

దుస్తుల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒళ్లంతా కప్పే ఈత దుస్తుల వల్ల నీరు చెడిపోదు. కానీ ఇంటి నుంచి వేసుకొచ్చిన నూలు బట్టలతోనే దిగితే వాటిలోని చెమట, దుమ్ము, సబ్బు పొడి అవశేషాలు నీటిలో కలుస్తాయి. ఈతకు మాత్రమే వాడే, బాగా జాడించిన నైలాన్ లేదా పాలియెస్టర్ దుస్తులు వేరుగా ఉంచుకోవడం మంచిది.

మన వంతు

కొలను నీరు అందరి ఉమ్మడి సొత్తు. ఒకరి అశ్రద్ధ పదిమంది పిల్లల ఊపిరిని చెడగొడుతుంది. ఇది మాటవరసకు చెప్పింది కాదు. క్లోరమైన్ తయారయ్యేది మన ఒంటి నుంచి వచ్చిన పదార్థంతోనే. కాబట్టి మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

దిగే ముందు కనీసం ఒక నిమిషం పాటు షవరు కింద ఒళ్లంతా కడుక్కోవాలి. ఒంటిమీది మురికిలో చాలా భాగం ఆ ఒక్క నిమిషంలోనే పోతుంది. ఆ రోజు తలకు నూనె, ఒంటికి క్రీము, అత్తరు రాయకూడదు. పిల్లలను ముందుగా మూత్రశాలకు పంపాలి. గంటకోసారి బయటికి పిలిచి మళ్లీ పంపాలి. నీటిలో మూత్రం పోయడం ఎందుకు తప్పో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. ‘నువ్వు చేసిన పని నీ చెల్లెలి కంట్లో మంట అవుతుంది’ అంటే ఐదేళ్ల పిల్లవాడికి కూడా తెలుస్తుంది. విరేచనాలు అవుతున్నప్పుడు ఎవరినీ దించకూడదు.

పిల్లలను చేర్పించే ముందు ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. లోపల అడుగు పెట్టగానే ఘాటు తగిలితే, గట్టున కూర్చున్న తల్లులు దగ్గుతుంటే, నీటి అడుగున గీసిన గీతలు స్పష్టంగా కనిపించకపోతే, ఆ కొలను ఆ రోజుకు వద్దు. నీటి పరీక్షల రిజిస్టరు చూపమని అడగండి. రోజులో ఎన్నిసార్లు కొలుస్తారో, మందు ఏ వేళ వేస్తారో అడగండి. చక్కగా నిర్వహించేవారు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు.

ఆస్తమా ఉన్న పిల్లలు

ఆస్తమా ఉన్న పిల్లవాడిని ఈతకు దూరం చేయనక్కరలేదు. అయితే వైద్యుని సలహా తీసుకుని, జబ్బు అదుపులో ఉన్నప్పుడే పంపాలి. రోజువారీ మందు మానకూడదు. తక్షణ ఉపశమనానికి ఇచ్చిన ఇన్‌హేలర్ ఇంట్లో అలమారలో కాక, కొలను గట్టున సంచిలో ఉండాలి. దానిని ఎలా వాడాలో శిక్షకునికి తెలియాలి. వీలైతే పైకప్పు లేని కొలనును, రద్దీ తక్కువగా ఉండే ఉదయపు వేళను ఎంచుకోవాలి. దగ్గు మొదలైతే ‘ఇంకొక్క రౌండు’ అని బలవంతం చేయకుండా వెంటనే బయటికి తీసుకురావాలి. లక్షణాలు కొన్నిసార్లు ఇంటికి వచ్చిన కొన్ని గంటల తర్వాత, రాత్రివేళ కనిపిస్తాయి. ఈతకు వెళ్లిన రోజుల్లోనే దగ్గు వస్తూ, వెళ్లని రోజుల్లో తగ్గుతూ ఉంటే ఆ రోజులను కాగితంపై రాసి వైద్యునికి చూపండి. రోగ నిర్ణయానికి ఆ చిన్న కాగితం ఎంతో తోడ్పడుతుంది.

ప్రమాదం జరిగితే

కొలనుల వద్ద అన్నిటికన్నా భయంకరమైనది క్లోరిన్ వాయువు ఒక్కసారిగా వెలువడటం. హైపోక్లోరైట్‌లో ఆమ్లం కలిసినప్పుడు, లేదా ఆగిపోయిన పంపులో రెండు మందులూ పేరుకుని, పంపు తిరిగి నడవగానే ఒక్కసారిగా నీటిలోకి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. పంపు ఆగిందని తెలిస్తే అది మళ్లీ నడిచి కుదురుకునేదాకా పిల్లలు నీటి బయటే ఉండాలి.

ఘాటు హఠాత్తుగా పెరిగి అందరూ దగ్గడం మొదలుపెడితే ఆలోచిస్తూ నిలబడకూడదు. క్లోరిన్ గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువైనది. అది పల్లానికి పారుతుంది కాబట్టి గాలికి ఎదురుగా, ఎత్తైన చోటికి వెళ్లాలి. తడి బట్టలు తీసివేసి ఒళ్లు కడగాలి. కళ్లను కనీసం 15 నిమిషాల పాటు మంచినీటితో కడుగుతూ ఉండాలి. 108కి ఫోన్ చేయాలి. కొద్దిసేపటికి తేరుకున్నట్టు కనిపించినా వైద్యునికి చూపించి తీరాలి. ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటలు ఆలస్యంగా మొదలుకావచ్చు.

పెదవులు నీలిరంగుకు మారడం, ఊపిరి తీస్తున్నప్పుడు డొక్కలు లోపలికి లాక్కుపోవడం, పూర్తి వాక్యం మాట్లాడలేకపోవడం, అసాధారణమైన మగత — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకండి. నీటిలో మునిగి తేలిన పిల్లవాడు ఆ తర్వాత దగ్గుతూనే ఉంటే, ఆయాసపడుతుంటే అప్పుడూ ఆసుపత్రికే తీసుకువెళ్లాలి.

కొలను లేని ఇళ్లకు కూడా

మా ఇంటి పిల్లలు ఈతకే వెళ్లరు, మాకిది దేనికి అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కానీ ఇదే రసాయన చర్య ప్రతి ఇంటి స్నానాలగదిలో జరగడానికి అవకాశముంది. మరకలు బాగా పోతాయని బ్లీచింగ్ పౌడరు చల్లి, దానిపై మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అప్పుడు వెలువడేది అచ్చంగా క్లోరిన్ వాయువే. మూసిన చిన్న గదిలో, వంగి రుద్దుతున్న ఇల్లాలి ముఖానికి అది నేరుగా తగులుతుంది. బ్లీచింగ్‌ను అమోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలతో కలిపినా క్లోరమైన్లు పుడతాయి. ఒకసారికి ఒకే పదార్థం వాడాలి. దానిని పూర్తిగా నీటితో కడిగేశాకే మరొకటి. తలుపు తెరిచి ఉంచాలి. పని మనిషి చేత చేయిస్తున్నా ఈ జాగ్రత్త చెప్పే బాధ్యత మనదే. ఆమె ఊపిరి కూడా ఊపిరే.

కంటికి కనిపించే మురికిని కడగడం మనకు తెలుసు. కనిపించని గాలిని గమనించడం ఇప్పుడు నేర్చుకోవాలి. ఈ సెలవుల్లో పిల్లలను కొలనుకు తీసుకువెళ్లేటప్పుడు గట్టు మీద ఒక్క నిమిషం నిలబడి నిండుగా గాలి పీల్చి చూడండి. మీకు హాయిగా ఉంటే పిల్లలను దించండి. మీ గొంతే అభ్యంతరం చెబితే పిల్లలను వెనక్కి తీసుకురండి, కారణమేమిటో నిర్వాహకునికి మర్యాదగా, స్పష్టంగా చెప్పి రండి. ఆ మాట మీ తర్వాత వచ్చే పిల్లలకు కూడా మేలు చేస్తుంది.